కాడి మీద నాలుగు వేళ్లు

దేవరకొండ తాలూకా ఎర్రగుట్టపల్లిలో వడ్రంగి పని చేసే వడ్ల దశరథం గురించి ఎవరినడిగినా రెండు మాటలు చెప్పేవారు. ఆయన చేసిన నాగలి దర్జీ కుట్టిన అంగీలా దున్నేవాడి ఒంటికి అతికినట్టు ఉంటుందన్నది మొదటి మాట. ఆ నాగలి చేతికొచ్చేలోపు ఆయన నోట పది తిట్లయినా తినాలన్నది రెండో మాట. రెండూ నిజమే. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. బాడిశ చేతిలో ఉన్నంతసేపూ పక్కన నిలబడి సలహా చెప్పే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు, ఊరి వరసకు వదినయ్యే ఒక్క ఈదమ్మకు తప్ప.

ఆ ఏడు రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండకు ఊరు ఊరంతా నీడలు వెతుక్కుంటున్న పూట, ఆ ఈదమ్మే ఒక వంకర తుమ్మ మొద్దును తమ్ముడు మారయ్య చేత మోయించుకుంటూ దశరథం పందిరి కిందికి వచ్చింది. మారయ్యకు ఒక భుజాన మొద్దు, ఇంకో భుజాన పొడుగాటి కోల, నడుముకు కట్టిన తువ్వాలలో కొత్త కర్రు. మనిషి పొట్టి. మోసే సామానుకూ మనిషికీ పొంతన లేక, దూరం నుంచి చూస్తే సామానే నడిచొస్తున్నట్టుంది.

"దించు, దించు, మెల్లగ! నా మొద్దు పలుగుతది," అంది ఈదమ్మ.

"నీ మొద్దుకేం కాలేదు గని నా భుజం పలిగింది," అన్నాడు మారయ్య.

ఈదమ్మ ఆ మాట విననట్టే దశరథం వైపు తిరిగింది. "దశరథం, గీ మొద్దు నాది. మా చేని గట్టు మీది తుమ్మది. మీ అన్న ఉన్నప్పుడు కొట్టిపెట్టిండు. గీ కోల వీనిది, అమ్రాబాద్ అడవి దిక్కు నుంచి వచ్చిన బండిల కొన్నడు. కర్రు గుడ వీనిదే. అన్ని కలిపి ఒక్క నాగలి చెయ్యాలె. సగం నాది, సగం వీనిది. బరాబర్."

"నాగలికి సగం ఏడుంటదే వదినె? కోసి ఇయ్యమంటవా?"

"కొయ్యి, నీ నాలుకకున్నంత పదును నీ రంపానికి ఉంటె."

పందిరి వెనక గోడ చాటున దశరథం భార్య నర్సింగమ్మ కిసుక్కున నవ్వింది. ఇంట్లో తాను అనలేని మాటలు బయటివాళ్లు అంటే ఆమెకు పండగే.

ఈ సగం సగం సంగతి ఏమిటంటే, ఈదమ్మ మొగుడు పోయి నాలుగేళ్లు. ఇంటికి ఆమె ఒక్కతే. మూడెకరాల చెల్క నేల, జోడెడ్లు మిగిలాయనుకుంటే, పోయిన చలికాలం గాలికుంటు వచ్చి ఒక ఎద్దు చచ్చిపోయింది. మిగిలింది మైలోడు. వాడికి వయసెంతని అడిగితే ఈదమ్మ ఏనాడూ సరైన జవాబు చెప్పలేదు. మారయ్యకు ఉన్నదే ఒక్క ఎద్దు, బొల్లోడు, మొన్ననే పళ్లు వేసిన కుర్ర ఎద్దు. ఊళ్లో జోడెడ్లున్నవాళ్లంతా నందికొండ దగ్గర డ్యాముకు రాళ్లు తోలడానికి బండ్లు కట్టుకుని పోయారు. కిరాయికి అరక దొరకాలంటే దేవుడే దిగిరావాలి. అందుకని అక్కా తమ్ముడూ పొత్తు కట్టారు. ఆమె ఎద్దు, అతని ఎద్దు, ఇద్దరికీ ఒక నాగలి. ఒక దినం ఆమె చేను, ఒక దినం అతని చేను. మేడి పట్టి దున్నేది మారయ్య. ఆడమనిషి మేడి పట్టకూడదని ఊరి కట్టు గనుక, అందుకు బదులు ఈదమ్మ తమ్ముడి చేలో కలుపు తీస్తుంది.

అక్కడికి బాగానే ఉంది. కాని ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా? ఈ పొత్తు మీద బిక్షం కన్ను పడింది. బిక్షానిదీ ఒంటెద్దు సేద్యమే. బొల్లోడికి తన ఎర్రెద్దు జోడైతే ఎంత బాగుండునని అతనికి ఆశ. "మైలోడా? రెండు చాళ్లు పోతే మూడో చాలుకు పంటడు," అని కల్లు మండువ కాడ పదిమందిలో అన్నాడు. మారయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఏరువాక దినం మా అక్క ఎద్దు బొల్లోని కన్న ఒక్క అడుగు ఎనకబడితే చూడు, పొత్తు ఇడిశిపెట్టి నీతోనే కట్టుకుంట!" అని మీసం లేకపోయినా దువ్వి మరీ ఒట్టు వేశాడు. అక్కను వెనకేసుకొద్దామని అన్న మాట అది. తీరా చూస్తే అక్క మెడకే చుట్టుకుంది.

పొత్తు పోతే ఈదమ్మ చెల్క బీడు పడుతుంది. మిరుగం వానకు తడిసిన నేల నాలుగు దినాల పదును మీద ఉంటుంది, ఆ నాలుగు దినాల్లో దున్నకపోతే ఆ ఏటికి అంతే. కూలికి పోవాలి, లేదంటే చేను ఎవరికో పాలుకివ్వాలి. ఈదమ్మ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అనకపోయినా దశరథానికి తెలుసు. ఊళ్లో ఎవరి నాగలి ఎందుకు ఇంటి మూలన పడి ఉందో వడ్లాయనకు తెలియకుండా ఉండదు.

మర్నాడు పని మొదలైంది. నాగలి అంటే చూడ్డానికి నాలుగు ముక్కలే. నేలలో నడిచే దుంప, దాని ముక్కుకు తొడిగే ఇనుప కర్రు, దున్నేవాడు పట్టుకునే మేడి, దుంప నుంచి ఎడ్ల దాకా పోయే కోల. కోల కొసను ఎడ్ల మెడల మీది కాడికి తాడుతో కడితే అరక సిద్ధం. కాని ఆ నాలుగు ముక్కలూ ఒకదానితో ఒకటి కాపురం చెయ్యాలి, అదీ కష్టం. దుంప ముక్కు మరీ వంగితే కర్రు పాతాళానికి దిగి ఎడ్ల ప్రాణం తీస్తుంది. వంగకపోతే కోడి గీరినట్టు పైపైన గీరుకుంటూ పోతుంది. ఆ వంపు చూడటానికి దశరథానికి ఒక పూటంతా పట్టింది. దుంపకు బెజ్జం కొట్టి, కోల దూర్చి, చీల బిగించి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ చీల ఊడదీసి, "థూ, నీ యవ్వ!" అని తుమ్మ మొద్దును తిట్టి, మళ్లీ చెక్కాడు. ఈదమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

"నా మొద్దునెందుకు తిడుతవు? వాని కోలను తిట్టు."

"నీ మొద్దు నీ లెక్కనే ఉన్నది వదినె. చెప్పినట్టు ఇంటలేదు."

మేడి కొలతకు మారయ్యను నిలబెట్టారు. మేడి పిడి దున్నేవాడి బొడ్డు దగ్గరికి రావాలి. అక్క ముందు, వీధిలో పోయేవాళ్ల ముందు నిలబడేసరికి మారయ్య ఛాతీ పొంగించి మునివేళ్ల మీద లేచాడు.

"బామ్మర్ది, మడిమెలు భూమ్మీద పెట్టు."

"పెట్టిన బావా."

"పెట్టినవా?"

"నీ తోడు, పెట్టిన!"

దశరథం కొలత తీసుకుని, మేడి కోసేటప్పుడు ఒక వేలు తగ్గించి కోశాడు. మనుషులు కొలతల దగ్గర చెప్పే అబద్ధాలకు ఆయన లెక్క వేరే ఉండేది. దున్నేటప్పుడు ఎవడూ మునివేళ్ల మీద దున్నడు కదా.

ఇక మిగిలింది కాడి. అక్కడ పడింది పీటముడి. కాడికి కర్ర నేనిస్తానంటే నేనిస్తానని అక్కా తమ్ముడూ పట్టుబట్టారు. ఆమె కర్రయితే మైలోడికి మొగ్గు ఉందని బిక్షం అంటాడు, అతని కర్రయితే బొల్లోడికి మొగ్గు ఉందని ఈదమ్మ అంటుంది. అడకత్తెరలో పోకచెక్కలా నడుమ నలిగి నలిగి, చివరికి దశరథం లేచి ఇంట్లోకి పోయాడు. దూలానికి ఆనించిన ఎండిన వేప కర్ర తెచ్చి పందిట్లో పడేశాడు.

"గిది నాది. కాడి మీ ఇద్దర్ది కాదు. నోరు మూసుకొని పోండ్రి."

వాళ్లు పోయాక నర్సింగమ్మ బయటికి వచ్చి, నడుము మీద చెయ్యి వేసి ఆ కర్రను చూసింది.

"గది నా మంచం కోళ్లకు దాచిన కర్ర గద?"

"మల్ల తెస్త తియ్యే."

"మూడేండ్ల సంది కుంటి మంచం మీద పండుకుంటున్న. వడ్లోని పెండ్లానికి మంచం లేదు, ఈదమ్మక్క ఎద్దుకు కాడి వచ్చింది. నేను గుడ ఎద్దునై పుడితే బాగుండు!"

"పుట్టినా మెడ వంచవు గదనే, కాడి ఏడ పెట్టాలె?" అన్నాడు దశరథం. ఆ పూట ఆయనకు సంకటి మాత్రమే దొరికింది, చారు దొరకలేదు.

కాడి నడుమ ఒక గాటు ఉంటుంది. కోలను కట్టే తాడు ఆ గాటులో కూర్చుంటుంది. గాటు నట్టనడుమ ఉంటే రెండు ఎడ్లూ సమానంగా లాగుతాయి. ఒక పక్కకు జరిపితే ఆ పక్క ఎద్దు మీద బరువు ఎక్కువ పడుతుంది, రెండో దానికి సులువవుతుంది. ఈ సంగతి ఈదమ్మకూ తెలుసు. అందుకే గాటు కొట్టే దినం తెల్లారే వచ్చి కూర్చుంది. ఒక జొన్న సొప్ప పుల్ల తెచ్చుకుని, గాటు నుంచి మైలోడి మెడ వచ్చే చోటు దాకా ఒకసారి, బొల్లోడి మెడ వచ్చే చోటు దాకా ఒకసారి కొలిచింది. రెండు పక్కలా పుల్ల సరిగ్గా సరిపోయింది.

"చూసినవా? బరాబర్," అంది. "నా ఎద్దు ముసల్దని ఎవ్వలన్న ఒక్క ఏలు జరిపినా నేనొప్పుకోను. దయ చూపిస్తే గీ పొత్తే నాకొద్దు."

"ఎవ్వలు చూపిస్తరే నీకు దయ? నీ నోటికి భయపడి పులి గుడ నల్లమల దాటి రాదు."

ఆమె నవ్వుకుంటూ పోయింది. ఆ పోయేటప్పుడు, పందిరి పక్కన మేస్తున్న మైలోడి మెడ మీద కాడి ఒరిపిడికి కాచిన పాత కాయను అరచేత్తో రాసి, "ఏం రా, దున్నుతవా?" అని మెల్లగా అడగటం దశరథం విన్నాడు. మైలోడు తల ఎత్తడానికి కూడా బద్ధకించి చెవి ఒకటి కదిపాడు. ఈ ఎద్దు మొదటి చాలు కూడా దాటదు అనుకున్నాడు దశరథం. అనుకున్న మరుక్షణం ఆయనకు విపరీతమైన కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. బిక్షం మీద, మారయ్య ఒట్టు మీద, ఆ చచ్చిపోయిన ఎద్దు మీద.

మధ్యాహ్నం, పందిట్లో ఎవరూ లేని సమయం చూసి, గాటును బొల్లోడి వైపు రెండు వేళ్లు వెడల్పు చేశాడు. మైలోడి వైపు వదులైన జాగాలో రెండు వేళ్ల చెక్క బిళ్ల కొట్టి బిగించాడు. ఎక్కడా గీత కనబడకుండా చెక్కి, ఆముదంలో మసి కలిపి పూశాడు.

నర్సింగమ్మ గడప మీద నిలబడి అంతా చూసింది. "ఏమయ్యా, పుండుకు మందు రాసినట్టు రాస్తున్నవు. ఎవ్వలికి తాకింది దెబ్బ?"

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంట గని, పాపం మైలోడు," అని ఆమె లోపలికి పోయింది. ఆ రోజు చారు దొరికింది.

మిరుగం కార్తె మూడో దినం వాన పడింది. ఆ సాయంత్రమే మారయ్య వచ్చి, పసుపు రాసి బొట్టు పెడతానని నాగలీ కాడీ ఇంటికి మోసుకుపోయాడు. తెల్లారి ఈదమ్మ చెల్కలో ఏరువాక. దశరథం కూడా పోయాడు. తాను చేసిన కొత్త నాగలి మొదటి చాలు తన కళ్లతో చూడటం ఆయనకు అలవాటు. గట్టు మీద అప్పటికే బిక్షం, వాడి వెనక నలుగురైదుగురు తమాషా చూడ్డానికి చేరారు. ఈదమ్మ కుండలో అంబలి తెచ్చి గట్టున పెట్టింది. ఎడ్ల కొమ్ములకు పసుపు రాసింది. మైలోడి కొమ్ములకు కొంచెం ఎక్కువే రాసింది.

"హో... హో!" అన్నాడు మారయ్య.

మైలోడు అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు. గట్టు మీదివాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందంటారు. మైలోడు రంకె వెయ్యలేదు గాని, తల ముందుకు చాచి కుర్ర బొల్లోడి కన్నా మూరెడు ముందుకు పోతున్నాడు! బొల్లోడు నురగలు కక్కుతూ వెనకబడుతున్నాడు.

"ఏమైందిరా బిక్షం? మూడో చాలుకు పంటదన్నవు, ఏడ పన్నది?" అని కేకేసింది ఈదమ్మ. ఆమె ముఖం వెలిగిపోయింది. ఎండకు నల్లబడిన ఆ ముఖం అంత వెలగటం చూసి దశరథానికి పాతికేళ్లు వెనక్కి పోయినట్టనిపించింది.

కాని ఆ సంతోషం సగం చేను దాకానే. ఒక ఎద్దు మూరెడు ముందు, ఒక ఎద్దు మూరెడు వెనక పోతుంటే కాడి ఏటవాలైంది, కోల ఓరకు లాగింది, నాగలి బొల్లోడి వైపు ఒరుగుతూ పోయింది. మారయ్య మేడిని ఎంత ఇటు నొక్కినా అది అటే పోతోంది. చాలు చూస్తే పాము పోయిన జాడలా ఉంది. బిక్షం గట్టు మీద పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వడ్లాయనా! నాగలి చేసినవా, ఉయ్యాల చేసినవా? గిది చేను దున్నుతలేదు, ఊరు తిరుగుతాంది!"

దశరథానికి చెంప మీద కొట్టినట్టయింది. ముప్పై ఏళ్లలో ఆయన చేసిన ఒక్క నాగలి వంకర పోలేదు. రెండు వేళ్లకు ఇంత తేడా రాదు, రాకూడదు. పరుగున పోయి కాడి దగ్గర వంగి చూశాడు. చూసి అక్కడే నిలబడిపోయాడు.

గాటు రెండు వేళ్లు కాదు, నాలుగు వేళ్లు జరిగి ఉంది. మొదటి రెండూ తనవి, నున్నగా, మసి పూసి ఉన్నాయి. ఆపైన రెండు వేళ్లు ఎవడో చేత కానివాడు ఉలితో గీకాడు. ఎలుక కొబ్బరి చిప్పను కొరికినట్టుంది. ఖాళీలో తుమ్మ పుల్లలు అడ్డదిడ్డంగా దూర్చి, పైన పసుపు దట్టంగా పులిమాడు. దశరథం తలెత్తి మారయ్యను చూశాడు. మారయ్య ఆకాశం వైపు చూస్తున్నాడు, అక్కడేదో మబ్బు పారిపోతున్నట్టు.

ఓరి పిచ్చి నాయనా! అనుకున్నాడు దశరథం. లేని మీసం దువ్విన మొనగాడు, ఒట్టు వేసి రాత్రిళ్లు నిద్ర పట్టక, చివరికి తన ఎద్దు మీదే బరువు మోపుకున్నాడు. ఇప్పుడు తాను నిజం చెబితే వడ్ల దశరథం పేరు నిలబడుతుంది. కాని మైలోడి గుట్టు బిక్షం ముందు బయటపడుతుంది, ఈదమ్మ పొత్తు పోతుంది. పైగా దయ చూపిస్తే పొత్తే వద్దన్న మనిషి.

"నాదే తప్పు," అన్నాడు పైకి. "కన్ను మసకైంది. గాటు తప్పు కొట్టిన. ఇంటికి తీస్కపోయి సక్క చేస్త."

వడ్ల దశరథం నోట "నాదే తప్పు" అన్న మాట ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. బిక్షం కూడా నవ్వు ఆపి చూశాడు. అదే ఆయన చేసిన పొరపాటు. ఈదమ్మ పిచ్చిది కాదు. ఆ మాట వినగానే గట్టు దిగి, దారిలో ఒక సొప్ప పుల్ల విరుచుకుని, తిన్నగా కాడి దగ్గరికి వచ్చింది. గాటు నుంచి మైలోడి మెడ దాకా కొలిచింది. బొల్లోడి మెడ దాకా కొలిచింది. పుల్ల మిగిలింది. బొటనవేలితో పసుపు గీకింది. కింద పుల్లలు, ఆ కింద బిళ్ల, మసి.

"గీ నున్నటి చెయ్యి వడ్లాయనది," అంది. "గీ ఎలుక కొరికిన చెయ్యి ఎవ్వల్ది?"

ఆమె అందరి చేతుల వైపూ చూసింది.

"నేను ఉలి ముట్టనే లేదు," అన్నాడు మారయ్య.

"ఉలి అని ఎవ్వలన్నరురా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మారయ్య నిజంగానే భుజం తడుముకున్నాడు. గట్టు మీద నవ్వులు లేచాయి. "అయ్యో, నువ్వు ముందే జరిపినవని నాకేమెర్క బావా?" అని దశరథం మీద గొణిగాడు. దశరథం తల వంచుకున్నాడు. ఎవరినైనా తిట్టడానికి మాట కోసం వెతికాడు, ఒక్కటీ దొరకలేదు.

ఈదమ్మ బిక్షం వైపు తిరిగింది. "బిక్షం, నువ్వన్నదే నిజం. మైలోడు ముసలోడే."

తన చేతులారా తన చేను బీడు పెట్టుకుంటోంది ఈ మనిషి అనుకున్నాడు దశరథం.

"వాడు ముసలోడని నాకు తెల్వదా? రోజు పొద్దుగాల లేపేది నేనే గద. వడ్లాయన జరిపిన రెండు వేళ్లు మైలోని ముసలితనానికి. అవి నేనొప్పుకుంట. ఏలుకొక దినం, రెండు దినాలు మారయ్య చేన్ల కలుపు ఎక్కువ తీస్త. వాని ఎద్దు మోసింది నా చేతులు తీరుస్తయి. బరాబర్. గిప్పుడు చెప్పు, గిండ్ల ఎవ్వనికన్న అన్యాలం ఉన్నదా?"

బిక్షం బుర్ర గోక్కున్నాడు. గట్టు మీదివాళ్లంతా వాడి వైపే చూస్తున్నారు. అన్యాయం ఎక్కడుందో ఎంత వెతికినా వాడికి దొరకలేదు. "నాకేందమ్మ, మీ పొత్తు మీ ఇష్టం," అని తువ్వాల దులుపుకున్నాడు.

ఈదమ్మ అప్పుడు తమ్ముడి దగ్గరికి పోయింది. గొంతు తగ్గించింది. కాని దశరథం అక్కడే ఉన్నాడు గనుక విన్నాడు.

"వడ్లాయన రెండు వేళ్లు ఎద్దుకు. మరి నీ రెండు వేళ్లు దేనికిరా?"

మారయ్య కాలి బొటనవేలితో తడిమన్ను తవ్వాడు. "నీకే అక్కా."

"నాకా? నేనేమన్న కాడి కింద ఉన్ననా?"

"అమ్మ సచ్చిపోయినప్పుడు నాకు నడక గుడ రాకపాయె. నన్ను సంకకు ఏసుకొని కూలికి పోయినవట. ఊరంత చెప్తరు. గన్నేండ్లు నువ్వు మోసినవు. నేను రెండు వేళ్లు మోస్తె ఏమైతదే?"

ఎప్పుడూ మాట తడుముకోని ఈదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తమ్ముడి నెత్తి మీద గట్టిగా ఒక్కటి మొట్టింది.

"తమ్ముణ్ని మోసినదానికి కూలి తీసుకుంటరారా ఎవ్వలన్న, పిచ్చోడా?" అంది. "దశరథం, వీని రెండు వేళ్లు పూడ్చెయ్యి."

దశరథం కూర్చుని పూడ్చాడు. తుమ్మ పుల్లలు పీకేసి, సంచిలోంచి వేప చెక్క తీసి, కొలిచి, నున్నగా చెక్కి, సుత్తితో దిగ్గొట్టాడు. తన ముఖం ఎవరూ చూడకుండా ఎడ్ల చాటున కూర్చుని చేశాడు. తాడు మళ్లీ గాటులో పడింది. కోల తిన్నగా నిలబడింది.

"హో!" అన్నాడు మారయ్య. ఈసారి మైలోడూ బొల్లోడూ భుజం భుజం కలిపి నడిచారు. కర్రు ఎర్రమట్టిని చీల్చుకుంటూ పది బారలు గీత గీసినట్టు పోయింది. ఆపైన చాలు మళ్లీ మెల్లగా ఒరిగింది. ఒక పక్కకు, ఇంకో పక్కకు.

"వడ్లాయనా, మల్ల వంకర పోతాంది!" అని అరిచాడు బిక్షం.

దశరథం అటు చూశాడు. మారయ్య ఒక చేత్తో మేడి పట్టుకుని, ఇంకో చేత్తో కళ్లు తుడుచుకుంటూ దున్నుతున్నాడు.

"పోనియ్యి బిక్షం," అన్నాడు దశరథం. "గది కాడి తప్పు కాదు."